ఆధునికోత్తరమా? ఉత్తరాధునికమా? – ఒక కట్టమైసమ్మ కథ



కంటి శుక్లాల శస్త్రచికిత్స వలన కొంత, సహజమైన బద్ధకం వలన కొంత, ఇక్కడ ఏమైనా వ్రాసి చాలా కాలమైంది. మొన్న దసరా సెలవులలో నా పూర్వవిద్యార్థి ఒకడు మా మర్కూక్‌కు వచ్చాడు. హైదరాబాదులో ఒక కళాశాలలో ఆంగ్లోపన్యాసకుడు. జమ్మి ఆకు చేతిలో పెట్టి, కాళ్ళకు మొక్కి, మంచినీళ్ళయినా ముట్టకుండా ఒక ప్రశ్న వేశాడు.

"సార్, పోస్ట్ మాడర్నిజాన్ని కొందరు ఆధునికోత్తరం అంటున్నరు, కొందరు ఉత్తరాధునికం అంటున్నరు. మీరు తెలుగు పండితులు గద, తేల్చి చెప్పండి."

తేల్చి చెప్పడం మా పండితజాతికి ఉన్న వ్యసనం. వెంటనే అందుకున్నాను. రెండూ వ్యాకరణసమ్మతమే, కాని రెండింటికీ అర్థం ఒకటి కాదన్నాను. ఆధునికోత్తరం అంటే ఆధునికము కంటె ఉత్తరము, దాని తరువాత వచ్చినది; స్వాతంత్ర్యోత్తరం అన్నట్టు. ఉత్తరాధునికం అంటే ఉత్తరమైన ఆధునికము, అనగా ఆధునికతలోనే కడపటి భాగం. ఉత్తరకాండ రామాయణంలో భాగమైనట్టు. (ఉత్తరకాండ రామాయణంలో భాగమా కాదా అన్న తగవు వేరే ఉన్నది, దానిని ఇప్పుడు కదిలించను.) మొదటి మాట ఒప్పుకుంటే ఆధునికత ముగిసినట్టు, రెండవది ఒప్పుకుంటే ఇంకా నడుస్తున్నట్టు. శిష్యుడు నవ్వి, "పాశ్చాత్య విమర్శకుల తగవు గూడ ఇదే సార్. వాళ్ళు పుస్తకాలకు పుస్తకాలు రాసిండ్రు, మీరు రెండు విగ్రహవాక్యాలల్ల చెప్పిండ్రు" అన్నాడు.

పొగడ్తకు పొంగని పండితుడు ఇంకా పుట్టలేదు. ఆ సాయంత్రం నేనూ పొంగాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో చెప్పడానికే ఇది వ్రాస్తున్నాను.

ఈ సాహిత్యంతో నా పరిచయం ఈనాటిది కాదు. నేనింకా ఉద్యోగంలో ఉండగా, ఈ శిష్యుడే ఎం.ఏ. చదివే రోజులలో, ఇటాలో కాల్వినో నవల ఒకటి తెచ్చి ఇచ్చాడు. 1979లో ఇటాలియన్ భాషలో వచ్చిన నవల; ఆంగ్లంలో 'ఇఫ్ ఆన్ ఎ వింటర్స్ నైట్ ఎ ట్రావెలర్'. అందులో కథానాయకుడు పాఠకుడే. 'నీవు' అని మనలనే సంబోధిస్తూ కథ మొదలవుతుంది. ఆ పాఠకుడు ఒక నవల చదవడం మొదలుపెడతాడు, అది మధ్యలో తెగిపోతుంది. మిగిలిన భాగం కోసం వెతుకుతూ పోతే ఇంకొక నవల చేతికి వస్తుంది, అదీ తెగిపోతుంది. ఇట్లా పది నవలల మొదళ్ళు, ఒక్కదానికీ చివర లేదు. నిఘంటువు పక్కన పెట్టుకొని నెల రోజులు చదివాను. పుస్తకం తిరిగి ఇస్తూ, "ఇందులో కొత్త ఏమున్నదిరా? మా పింగళి సూరన నాలుగు వందల యేండ్ల కిందనే చేసి పెట్టిండు" అన్నాను.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. అది ఉత్త దబాయింపు కాదు. నేను హైదరాబాదు తిలక్ రోడ్డులోని సారస్వత పరిషత్తు ప్రాచ్య కళాశాలలో చదువుకున్నవాణ్ణి. బాలవ్యాకరణమూ అప్పకవీయమూ ఎంత చదివానో కళాపూర్ణోదయమూ అంతే చదివాను. పదహారవ శతాబ్దపు ప్రబంధం, ఎనిమిది ఆశ్వాసాలు, నంద్యాల కృష్ణభూపతికి అంకితం. ఆ కథ చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. పదవతరగతి పిల్లలకు సరదాగా చెప్పబోయి, నల్లబల్ల నిండా బాణం గుర్తులు గీసి, గంట కొట్టేసరికి నేనే దారి తప్పిన రోజులున్నాయి. ఎవరు అసలు రంభ, ఎవరు రంభ రూపం దాల్చిన కలభాషిణి. ఎవరు నలకూబరుడు, ఎవరు ఆ రూపం ఎత్తిన మణికంధరుడు? ఇద్దరు రంభలు ఎదురుపడి నేనంటే నేనని పోట్లాడుకుంటారు. అయితే అసలు విచిత్రం అది కాదు. బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెబుతాడు. ఆ కథ భూలోకంలో ఇంకా జరగలేదు. బ్రహ్మ నోట వచ్చింది కనుక జరుగుతుంది. వింటున్న సరస్వతి ఊరుకోక, ఆ కథలోని పాత్రలు తమ ప్రణయచేష్టలకే పెట్టిన మారుపేర్లని గుట్టు పట్టేస్తుంది. తరువాత ఆ కథానాయకుడు కళాపూర్ణుడు పుట్టి, రాజై, కొలువు తీరి ఉండగా, మాటలు రాని పసికూన మధురలాలస, మణిహారం సోకినంతనే పూర్వజన్మ జ్ఞప్తికి వచ్చి, ఆ కథనంతా ఆయనకే వినిపిస్తుంది. అంటే వింటున్నవాడు తాను వింటున్న కథలో పాత్ర. కథే తన పుట్టుక గురించి తాను చెప్పుకుంటున్నది. నేటి విమర్శకులు అధికథ అంటున్నది దీనినే కదా!

సూరనదే రాఘవపాండవీయం మరొకటి. ఒకే పద్యం ఒక తీరున విరిస్తే రామాయణం, ఇంకొక తీరున విరిస్తే భారతం. కట్టమంచి రామలింగారెడ్డిగారు 'కవిత్వతత్త్వ విచారము'లో కళాపూర్ణోదయాన్ని ఎంత లోతుగా పరిశీలించారో మనకు తెలుసు. వెల్చేరు నారాయణరావుగారూ డేవిడ్ షూల్మన్‌గారూ 2002లో దానిని ఆంగ్లంలోనికి తెచ్చినప్పుడు 'ద సౌండ్ ఆఫ్ ద కిస్' అని పేరు పెట్టి, ఎన్నడూ చెప్పరాని కథ అని ఉపశీర్షిక తగిలించారు. అది నవలే అని వాదించారు కూడాను. కనుక నా గర్వం నిష్కారణం కాదు. కాని 'మావాళ్ళు ఎప్పుడో చేశారు' అన్న వాక్యం ఆలోచనను ఆపివేయడానికి మహా బాగా పనికివస్తుంది. నన్ను అది పది సంవత్సరాలు ఆపింది.

ఇక శాఖాచంక్రమణం చాలించి మా ప్రాంతానికి వస్తాను. మా మర్కూక్ ఒకప్పుడు మెదక్ జిల్లా ములుగు మండలంలోని గ్రామం. 2016లో సిద్దిపేట జిల్లా ఏర్పడినప్పుడు మండల కేంద్రమైంది. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో భాగంగా ఇక్కడ 15 టీఎంసీల కొండపోచమ్మ సాగర్ కట్టారు. 2020 మే 29న ప్రారంభోత్సవం జరిగింది. నీళ్ళ విలువ తెలియనివాణ్ణి కాను. ఎండాకాలంలో బడి పిల్లలు ఒక్క చేతిబోరింగు ముందు బారులు తీరడం చూసినవాణ్ణి. ఆ జలాశయం కోసం బైలంపూర్, మామిడ్యాల, తానేదార్‌పల్లి గ్రామాలు మునిగిపోయాయి. నిర్వాసితులకు తునికి బొల్లారం దగ్గర కాలనీ కట్టించారు. మునిగిన ఆవాసాలలో ఒకదాని సంగతి నేను చెప్పబోయేది. ఏదో చెప్పను. ఎందుకు చెప్పనో చదివితే మీకే తెలుస్తుంది.

2018లో, నేను పదవీవిరమణ చేసిన మరుసటి యేడు, ఆ ఊరి పెద్దలు నలుగురు మా ఇంటికి వచ్చారు. వారిలో ఇద్దరు నా దగ్గర చదువుకున్నవారే. "సారూ, ఊరు పోతున్నది. మా ఊరి చరిత్ర ఒక పుస్తకం రాసియ్యండి. మా పిల్లలకు ఇంత గుర్తుంటది. అచ్చుకు పైసలు మేం ఏసుకుంటం" అన్నారు. అంతకంటె గౌరవం ఒక పల్లెటూరి పంతులుకు ఇంకేముంటుంది? ఆరు నెలలు తిరిగాను. మెకంజీ దొర సేకరింపించిన కైఫీయతులు నా మనసులో నమూనాగా ఉన్నాయి. ఊరు ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎప్పటిది, పటేలు పట్వారీలు ఎవరెవరు, నిజాము కాలంలో ఏమైంది, 1948 పోలీసు చర్య నాడు ఏమైంది – వరుసగా అరవై పుటలు, అచ్చమైన శిష్టభాష, ఎక్కడా ఒక్క అరసున్న పొల్లుపోకుండా వ్రాశాను.

అందులో కట్టమైసమ్మ కథ ఒకటి. తెలంగాణలో చెరువుకట్ట ఉన్నచోట మైసమ్మ ఉంటుంది, మీకు తెలియనిది కాదు. ఆ ఊరి మైసమ్మ గురించి పెద్దలు చెప్పింది ఇది. ఒక యేడు కుంభవృష్టికి నడిరాత్రి కట్ట తెగబోయింది. అమ్మవారు పెద్దకాపు కలలో కనిపించి మనిషిని అడిగింది. పెద్దకాపు కోడలు, నిండు ముత్తయిదువ, పసుపు కుంకుమలు పెట్టుకొని, మామగారి కాళ్ళకు మొక్కి, తానై వెళ్ళి గండిలో నిలిచింది. కట్ట నిలిచింది. ఆమెయే మైసమ్మ. కథ వినగానే నాకు ఒళ్ళు పులకరించింది. రామలింగారెడ్డిగారు విద్యార్థిగా ఉండగా వ్రాసిన 'ముసలమ్మ మరణము' అచ్చంగా ఇటువంటి కథే, అనంతపురం సీమలో చెరువుకట్ట కోసం ప్రాణమిచ్చిన ఇల్లాలిది. మా మెదక్ సీమలోనూ ఒక ముసలమ్మ దొరికిందని సంబరపడి, ఆ ఘట్టానికి నా సొంతంగా ఒక సీసపద్యం వ్రాసి చేర్చాను. దాచుకోవడం ఎందుకు, నాకు నచ్చిన పద్యం అది.

అచ్చుకు ముందు ఊరందరి ముందూ చదవాలన్నారు. ఒక ఆదివారం పొద్దుగూకేవేళ హనుమాండ్ల గుడి ముందు చదివాను. సీసం చదివినప్పుడు ముందు వరుసలో ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. చదవడం అయిపోయింది. చప్పట్లయినాయి. వెనుక, గద్దెకు దూరంగా నేలమీద కూర్చున్న ఒక ముసలామె, ఎనభై యేండ్లు ఉంటాయి, ఊరి కింది వాడకట్టు మనిషి, చేతికర్ర ఊతగా లేచింది.

"సారూ, మంచిగ రాసినవు. గని ఆమె పోలే. తోసిండ్రు."

ఒక్కసారి అంతా నిశ్శబ్దం. ఆమె గొంతు పెంచలేదు. గండిలో పడింది పెద్దకాపు కోడలు కాదన్నది. తమ వాడకట్టు పిల్ల, కట్టకు మట్టి మోసిన పిల్ల, పెండ్లి కూడా కాలేదు. అర్ధరాత్రి పని ఉన్నదని పిలుచుకపోయి తోసివేశారు. తెల్లవారి కట్ట మీద రాయి పెట్టి బొట్టు పెట్టారు. కోడలి కథ తరువాత పుట్టిందన్నది. "మా అవ్వ జెప్పింది, మా అవ్వకు వాళ్ళవ్వ జెప్పింది. యాడాదికొక్కసారి బోనమెత్తినప్పుడు మా ఇండ్లల్ల ఆ పిల్ల పేరు దలుసుకుంటం. గట్టిగ అనం."

ఇక చెప్పేదేమున్నది! నలుగురూ లేచారు. "నీకేమెరుక ముసల్దానా" అని ఒకరు, "ఊరు పోయే నాడు గీ పంచాయితి ఎందుకు" అని ఇంకొకరు. ఈ గొడవ మధ్య ఒక వడ్డెర పెద్దమనిషి చుట్ట పడేసి నవ్వడం మొదలుపెట్టాడు. "ఎవ్వలు పోలే, ఎవ్వలు తొయ్యలే. మా తాతలు బండ మీద బండ గూర్చి కట్ట గట్టిండ్రు. గందుకే నిలిచింది. పని మాది, పేరు అమ్మది."

ఆ రాత్రి ఇంటికి వచ్చి తర్కశాస్త్రం తీశాను. నవ్వకండి, నాకు తెలిసిన విద్య అదే. ప్రత్యక్షం లేదు. అనుమానానికి హేతువు చాలదు. శబ్దప్రమాణం మూడు నోళ్ళతో మూడు రకాలుగా పలుకుతున్నది. కట్ట తవ్వి చూద్దామంటే కొన్నాళ్ళలో కట్టా ఉండదు, చెరువే సాగరం అడుగున ఉంటుంది. పెద్దలు మాత్రం, "సారూ, మీరు రాసిందే ఉండనీయండి, అచ్చుకిచ్చేద్దాం" అన్నారు. నేను ఇవ్వలేదు. ఇవ్వనని చెప్పే ధైర్యమూ లేదు. ఇంకా దిద్దవలసి ఉన్నదని చెప్పాను.

2020లో ఇల్లు కదలరాని రోజులు వచ్చాయి. శిష్యుడు ఎప్పుడో ఇచ్చి వెళ్ళిన పుస్తకాలలో గాబ్రియెల్ గార్సియా మార్క్వెజ్ నవల ఒకటి దుమ్ము పట్టి ఉంటే తీశాను. 1967లో వచ్చినది, నూరేళ్ళ ఏకాంతం అని మనం అనుకోవచ్చు. మకోందో అనే ఊరు పుట్టి, పెరిగి, నామరూపాలు లేకుండా పోయే కథ. అందులో అరటితోటల కూలీలు సమ్మె చేస్తారు. సైన్యం చుట్టుముట్టి కాల్చివేస్తుంది. మూడువేల శవాలను రైలుపెట్టెలలో వేసి సముద్రానికి తీసుకుపోతారు. శవాల నడుమ నుండి బ్రతికి బయటపడినవాడు ఒకడు నడిచి ఊరికి వచ్చి చెబితే, ఊరిలో ఎవరూ నమ్మరు. అటువంటిది ఏదీ జరగలేదంటారు. ప్రభుత్వమూ అదే చెబుతుంది. చివరకు పాఠ్యపుస్తకాలూ అదే చెబుతాయి. ఆపైన దాదాపు అయిదేళ్ళు ఎడతెగని వాన. కొలంబియాలో 1928లో నిజంగానే అరటితోటల కూలీల మీద కాల్పులు జరిగాయి. ఎందరు చనిపోయారన్నది నేటికీ లెక్క తేలలేదు.

ఆ ఘట్టం చదువుతూ పుస్తకం మూసి కాసేపు వాకిట్లో కూర్చున్నాను. 'ఇక్కడ అటువంటిదేమీ జరగలేదు' అన్న పాఠ్యపుస్తకం వ్రాసినవాడు నాకు తెలుసు. చక్కని శిష్టభాష వ్రాస్తాడు. సీసపద్యాలు కూడా వ్రాస్తాడు.

అప్పటినుండి ఈ సిద్ధాంత గ్రంథాలను వేరుగా చదవడం మొదలుపెట్టాను. ల్యోతార్ అనే ఫ్రెంచి తత్త్వవేత్త 1979లో ఒక చిన్న పుస్తకం వ్రాశాడు. అది పుట్టింది సాహిత్యసభలో కాదు, కెనడాలోని క్విబెక్ ప్రభుత్వపు విశ్వవిద్యాలయాల మండలి కోరితే వ్రాసి ఇచ్చిన నివేదికగా. అందరినీ ఒకే గొడుగు కిందికి తెచ్చే మహాకథనాల మీద నమ్మకం సడలిపోవడమే ఈ కాలపు లక్షణమని ఆయన ప్రతిపాదన. లిండా హచియన్ అనే కెనడా విదుషి 1988లో, చరిత్రను కథగా చెబుతూనే చరిత్ర ఎట్లా వ్రాయబడుతుందో కూడ బయటపెట్టే నవలలకు ఒక పేరు పెట్టింది. చారిత్రక అధికథ అని నా అనువాదం. రోలాఁ బార్త్ 1967లో రచయిత మరణించాడన్నాడు. వేదం అపౌరుషేయమని నమ్మే సంప్రదాయంలో పెరిగినవాడికి అందులో దిగ్భ్రాంతి ఏమీ లేదు, కనుక దానిని వదిలేస్తున్నాను.

ఇప్పుడు సూరనను మళ్ళీ తెరిచాను. తేడా అప్పుడు కనిపించింది. కళాపూర్ణోదయంలో ఎన్ని ముడులున్నా ప్రతి ముడీ విడిపోతుంది. ఎవరు అసలు రంభయో చివరకు తేలుతుంది. ఎందుకు తేలుతుంది? కథకు పైన బ్రహ్మ ఉన్నాడు కనుక. ఆయన చెప్పినదే జరిగినది, జరిగినదే ఆయన చెప్పినది. కాల్వినో నవలలో బ్రహ్మ లేడు. మకోందోలో లేడు. ఆ ఊరి చెరువుకట్ట మీద కూడా లేడు. అందుకని, బ్రహ్మ ఖాళీ చేసిన పీట మీద నేను పోయి కూర్చున్నాను, అరవై పుటల ప్రతితో. ఉపాయాలు ఒకటే, అవి నిలబడిన నేల వేరు. సూరన చేసిపెట్టాడన్న నా పాత మాటను శిష్యునికి ఫోను చేసి వెనుకకు తీసుకున్నాను. వాడు మర్యాదస్తుడు, "పర్లేదు సార్" అన్నాడు.

మరి మన నేలమీద దీనికి దగ్గరి చుట్టం ఎవరు? నా మట్టుకు నాకు ప్రబంధం కంటె ఒగ్గుకథ అనిపిస్తుంది. మా సిద్దిపేట జిల్లాలోనే కొమురవెల్లి మల్లన్న ఉన్నాడు. ఆ జాతరలో ఒగ్గుకథ వినని బాల్యం మాకు లేదు. చుక్క సత్తయ్యగారి వంటి మహాకళాకారులు ఆ విద్యను ఎంత ఎత్తుకు తీసుకుపోయారో! కథకుడు ఒక క్షణం మల్లన్న, మరుక్షణం అమ్మవారు, ఆ మరుక్షణం మామూలు మనిషై ఎదుట కూర్చున్న పటేలు మీద చమత్కారం విసురుతాడు. పక్కవాద్యగాడు అడ్డుపడి, 'అట్లెట్ల అయితది' అని కథనే నిలదీస్తాడు. కథ ఆగుతుంది, నవ్వులవుతాయి, మళ్ళీ కథ ఎత్తుకుంటారు. భ్రమ తెగిందని ఎవరూ బాధపడరు. ఇవన్నీ చిన్నప్పుడు చూసి కూడా, పండిత శిక్షణ పొందేటప్పుడు వాటిని సాహిత్యమని మాకు ఎవరూ చెప్పలేదు. నేనూ నా పిల్లలకు చెప్పలేదు.

ఇంకా దగ్గరిది పటం కథ. చేర్యాల నకాషీ చిత్రకారులు బట్టమీద వ్రాసే పటాలను ఇప్పుడు మనం గోడలకు వేలాడదీసుకుంటున్నాము గాని, అవి ఊరూరా కథ చెప్పుకోవడానికి పుట్టినవి. పద్మశాలీలకు కూనపులివారు కథ చెబుతారు, మాదిగలకు డక్కలివారు చెబుతారు. ఎవరి పురాణం వారిది. డక్కలివారి జాంబపురాణంలో భూమి పుట్టకముందే జాంబవుడు పుట్టాడు. అష్టాదశ పురాణాలు ఎక్కడ మొదలవుతాయో దానికంటె వెనుకకు పోయి, 'మేము అప్పటికే ఉన్నాము' అని ఆ పురాణం అంటుంది. ల్యోతార్ మహాకథనాల ఎదుట నిలిపిన చిన్నకథనాలు మా ఊళ్ళలో బట్టమీద రంగులలో చుట్టచుట్టి ఉన్నాయి. ఆ ముసలామె ఆ రోజు గుడి ముందు లేచి చేసినది కూడా అదే.

తెలుగు వచనంలో ఈ పోకడలు ఎవరిలో ఉన్నాయని శిష్యుడు అడిగాడు. నవీన్ 'అంపశయ్య' 1969 నాటిది, అది చైతన్యస్రవంతి, ఆధునికత కిందికే వస్తుందని నా అభిప్రాయం. 2013లో వెళ్ళిపోయిన త్రిపురగారి కథలు రెండింటి సరిహద్దు మీద నిలబడతాయి; 'భగవంతం కోసం' చదివినప్పుడు మొదట విసుక్కున్నాను, రెండవసారి భయపడ్డాను. 2017లో అకాలంగా పోయిన డాక్టర్ వి. చంద్రశేఖరరావుగారి కథలలో కలకూ వాస్తవానికీ మధ్య గోడ ఉండదు. 'లెనిన్ ప్లేస్', 'మాయలాంతరు' సంపుటాలు నాకు ఇష్టం. ఆయనకు ఆ వింత కథనం ఎందుకు కావలసివచ్చిందో ప్రతి కథలోనూ తెలుస్తుంది. అది తెలియకుండా, వాక్యాలు విరగ్గొట్టి, కామాలు తీసేసి, కథను ఎటూ కాకుండా వదిలితే ఆధునికోత్తరం అవుతుందని భ్రమపడేవారు కూడా కొందరు ఉన్నారు. వారి పేర్లు చెప్పను. బడిలో ఉండగా వచ్చినట్టయితే ఆ కాగితాల మీద ఎర్రసిరా గీతలు పెట్టేవాణ్ణి.

సరే, మళ్ళీ ఊరికి. 2021లో ఆ గ్రంథాన్ని తిరగవ్రాశాను. కట్టమైసమ్మ ఘట్టాన్ని పుటకు మూడు నిలువు వరుసలుగా విభజించాను, మూలమూ టీకా తాత్పర్యమూ పక్కపక్కన అచ్చువేసే పాత పద్ధతిలో. మొదటి వరుసలో పెద్దకాపు కోడలు, సీసపద్యంతో సహా. రెండవ వరుసలో వాడకట్టు పిల్ల, ముసలామె చెప్పిన మాటలు చెప్పినట్టే, భాష దిద్దకుండా. మూడవ వరుసలో వడ్డెర పెద్దాయన. ఇది వ్రాసినవాడు మొదట ఒక్క కథే వ్రాశాడనీ, దిద్దుబాటు ఎందుకు చేశాడనీ అడుగున ఒక గమనిక. నిజం చెబుతున్నాను, నాలో నేను మురిసిపోయాను. ఉద్యోగమంతా ఒక్క జవాబుకే మార్కులు వేసిన నేను మూడు జవాబులకు చోటిచ్చాను గదా అనుకున్నాను.

కాలనీకి వెళ్ళాను. ముసలామె ఇల్లు వెతికి పట్టుకున్నాను. ఆరోగ్యం పాడై మంచంలో ఉన్నది. మనుమరాలు కుర్చీ వేసింది. మూడు వరుసలూ చదివి వినిపించాను. ఆమె కళ్ళు మూసుకొని విన్నది. నిద్రపోయిందేమో అనుకున్నాను. చాలాసేపటికి అన్నది:

"మూడు రాస్తివి. మంచిదే. గని మూడు రాస్తే, తోసినోడు గూడ సల్లగ తప్పిచ్చుకుంటడు గద సారూ."

నాకు జవాబు రాలేదు. ఫ్రెడరిక్ జేమ్సన్ అనే అమెరికా విమర్శకుడు 1991 నాటి తన గ్రంథంలో, ఈ ధోరణిలో చరిత్ర లోతు కోల్పోయి ఉత్త శైలుల వేషధారణగా మిగిలిపోతుందని ఆక్షేపించాడు. అది చదివినప్పుడు ఏదో మార్క్సువాదుల చాదస్తమనుకొని పుట తిప్పాను. మంచం పక్కన కుర్చీలో కూర్చున్నప్పుడు పుట తిప్పే వీలు లేకపోయింది. అందరి కథలకూ సమానంగా చోటిస్తే, తోసినవాడి కథకూ పడినదాని కథకూ ఒకే కొలత పెట్టినట్టు కాదా? పోనీ ఆమె కథ ఒక్కటే ఉంచితే? ఉంచి, మిగిలిన రెండూ కొట్టివేస్తే, నేను మళ్ళీ ఆ పీట మీదనే కూర్చున్నట్టు. పీట మీద కూర్చోక తప్పదేమో అని కూడా ఒక్కొక్కప్పుడు అనిపిస్తుంది. మనుమరాలు చాయ్ ఇచ్చింది. తాగి వచ్చాను.

ఆ మరుసటి యేడు ముసలామె పోయింది.

ఊరు ఖాళీ చేసిన నాడు కట్టమీది మైసమ్మ రాయిని డప్పులతో ఊరేగించి కాలనీకి తెచ్చారు. తెచ్చినవారు తమ వీధి మొదట్లో గద్దె కట్టి నిలిపారు. కింది వాడకట్టువారు కొన్నాళ్ళు అక్కడికే బోనం తీసుకుపోయారు. తరువాత తమ వీధి మూలన వేరే రాయి నిలుపుకున్నారు. రెండవ రాయి చెక్కినది ఆ వడ్డెర పెద్దాయనే. మొదటిదానికి గద్దె కట్టినదీ ఆయనే. బోనాల నాడు రెండుచోట్లా డప్పులు మోగుతాయి. నేను రెండుచోట్లా మొక్కి వస్తాను.

'తేల్చి చెప్పండి' అన్న శిష్యుని మాటకు ఆ రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం ఇదీ. వ్రాతప్రతి నా ఇనుపపెట్టెలోనే ఉన్నది. దసరా తరువాత ఒకసారి తీసి, మొదటి వరుసలోని సీసపద్యాన్ని ఎర్రసిరాతో కొట్టివేశాను. ఎత్తుగీతి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. అది అట్లాగే ఉన్నది. కాలనీ పిల్లలు పుస్తకం ఎప్పుడు సార్ అని ఫోను చేసినప్పుడల్లా, ప్రూఫులు చూస్తున్నానని చెబుతున్నాను.